అయోవా గవర్నర్ బీజింగ్ రాయబారి అయిన కథ: పాత పరిచయం ఎంతవరకు పనికొచ్చింది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. విదేశాంగ శాఖలో ఒక్కరోజు కూడా పనిచేయని అయోవా గవర్నర్ టెర్రీ బ్రాన్‌స్టాడ్‌ను 2017లో అమెరికా చైనాకు రాయబారిగా ఎలా పంపగలిగింది? చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్‌తో ఆయనకున్న పాత స్నేహం చివరికి దేనికైనా పనికొచ్చిందా? అలా వెళ్లినవాళ్లు మళ్లీ సొంత రాష్ట్ర రాజకీయాల్లోకి రాగలరా?

నేను దౌత్యవేత్తను కాను. చాలా ఏళ్లు సోయా చెక్క (నూనె తీశాక మిగిలేది, పశువుల దాణాకు వాడతారు), మొక్కజొన్న ఎగుమతుల వ్యాపారంలో పనిచేశాను. మా రంగంలో ఉన్నవాళ్లకు సోయా, మొక్కజొన్న పండించే అయోవా దూరపు ఊరు కాదు. అక్కడ వాన పడినా, పడకపోయినా సోయా, మొక్కజొన్న ధరలు తేలే షికాగో మార్కెట్ కదులుతుంది, ఇక్కడ మా ఫోన్లు మోగుతాయి. అందుకే బ్రాన్‌స్టాడ్ రాజకీయ జీవితాన్ని పనిలో భాగంగానే గమనిస్తూ వచ్చాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆయన పరిచయం తలుపులు తెరిపించింది, అది చిన్న విషయం కాదు. కానీ లోపలికి వెళ్లాక ఏం మాట్లాడాలో నిర్ణయించే అధికారం ఆయన చేతిలో ఎప్పుడూ లేదు. ఆయన్ని పొగిడేవాళ్లు, తిట్టేవాళ్లు ఇద్దరూ ఈ రెండింటినీ కలిపేస్తారు.

ముందు గవర్నర్ పదవి గురించి. అమెరికా గవర్నర్‌ను మన రాజ్‌భవన్ గవర్నర్‌తో పోల్చకండి. ఆయన్ని ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు. రాష్ట్ర బడ్జెట్ ప్రతిపాదించేది, బిల్లులను వీటో చేసేది, యంత్రాంగాన్ని నడిపేది ఆయనే. మన లెక్కలో ముఖ్యమంత్రి అనుకోండి. పైగా చాలా రాష్ట్రాల గవర్నర్లు తమ రైతుల కోసం, కంపెనీల కోసం విదేశాలకు వ్యాపార బృందాలను తీసుకెళ్తారు. కాబట్టి విదేశాంగ శాఖలో పనిచేయలేదన్నది నిజమే గానీ, విదేశాలతో వ్యవహారం తెలియని మనిషి అనడం సరికాదు.

ఇక నియామకం. అమెరికా రాజ్యాంగం రెండో అధికరణం ప్రకారం రాయబారిని అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. కెరీర్ అధికారే అయి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. చాలాకాలం పాటు స్థూలంగా పదిమందిలో ఏడుగురు శాఖలో మెట్టుమెట్టుగా ఎదిగినవాళ్లు, ముగ్గురు బయటివాళ్లు ఉండేవారు. ఆ బయటివాళ్లలో అధ్యక్షుడి ఎన్నికల ప్రచారానికి విరాళాలు ఇచ్చినవాళ్లు, సేకరించినవాళ్లు చాలామందే ఉంటారు. విరాళాన్ని అర్హతగా చూడకూడదని 1980 నాటి ఫారిన్ సర్వీస్ చట్టం స్పష్టంగా చెబుతుంది. ఆ మాటను రెండు పార్టీల అధ్యక్షులూ పెద్దగా పట్టించుకోలేదు. ఇది నాకు నచ్చని విషయం. అయితే బీజింగ్ లాంటి చోటికి అలా పంపడం కుదరదు. అక్కడికి వెళ్లే మనిషికి సొంత బరువు ఉండాలి.

ఇలాంటి నియామకాలు మన దగ్గరా జరిగాయి. 1937లో సంయుక్త ప్రావిన్సుల (నేటి ఉత్తరప్రదేశ్) మంత్రివర్గంలో పనిచేసిన విజయలక్ష్మీ పండిట్ 1947లో మాస్కోకు, తర్వాత వాషింగ్టన్‌కు, లండన్‌కు వెళ్లారు. పంజాబ్ ముఖ్యమంత్రిగా చేసి, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్న భీమ్‌సేన్ సచార్ శ్రీలంకకు హైకమిషనర్‌గా వెళ్లారు. మన దగ్గర ఇది అరుదు, అక్కడ మామూలు. తేడా అంతే.

బ్రాన్‌స్టాడ్ పుట్టింది 1946లో, అయోవా ఉత్తరాన లీలండ్ అనే చిన్న ఊళ్లో, వ్యవసాయ కుటుంబంలో. అయోవా విశ్వవిద్యాలయంలో డిగ్రీ, సైన్యంలో రెండేళ్లు, డ్రేక్ విశ్వవిద్యాలయంలో లా. ఆ లా చదువు పూర్తికాకముందే 1973లో రాష్ట్ర ప్రతినిధుల సభలో సభ్యుడయ్యారు. అప్పటికి వయసు 26. 1979లో లెఫ్టినెంట్ గవర్నర్ (ఉప గవర్నర్), 1983లో గవర్నర్. 36 ఏళ్లకే ఆ పదవిలోకి వచ్చి, అయోవా చరిత్రలో అతి చిన్న వయసు గవర్నర్ అనిపించుకున్నారు. 1999 దాకా వరుసగా నాలుగు దఫాలు. కొన్నాళ్లకు రాష్ట్ర రాజధాని డి మోయిన్‌లో ఒక వైద్య విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా వెళ్లారు. 2010లో మళ్లీ పోటీచేసి, పదవిలో ఉన్న గవర్నర్‌ను ఓడించి వచ్చారు. 2015 డిసెంబరులో, పద్దెనిమిదో శతాబ్దంలో న్యూయార్క్‌ను ఏలిన జార్జ్ క్లింటన్ రికార్డును దాటి, అమెరికా చరిత్రలోనే ఎక్కువకాలం పనిచేసిన గవర్నర్ అయ్యారు. ఆయన ఏ ఎన్నికలోనూ ఓడిపోలేదు.

ఈ చిట్టా ఎక్కడైనా దొరుకుతుంది. అసలు చూడాల్సింది ఆయన మొదటి దఫాలో అయోవా ఎలా ఉండేదన్నది. అక్కడి రైతుకు 1980ల మొదటి సగం ఘోరమైన కాలం. 1970లలో భూమి ధర పెరుగుతుంటే బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి, రైతులు తీసుకున్నారు. తర్వాత వడ్డీ రేట్లు ఆకాశానికి వెళ్లాయి, ఎగుమతులు పడిపోయాయి. అయోవాలో ఎకరం సగటు ధర 1981లో 2,147 డాలర్లు ఉంటే, 1986 నాటికి 787కు దిగింది. భూమి తాకట్టు పెట్టినవాడికి ఆ అంకెలకు అర్థమేమిటో మన ఊళ్లలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. 1985 అక్టోబరులో బ్రాన్‌స్టాడ్ రాష్ట్రంలో ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించి, పొలాల జప్తులను కొంతకాలం నిలిపివేశారు. మార్కెట్లను నమ్మే రిపబ్లికన్ పార్టీ మనిషి చేసిన పని అది.

అలాంటి రాష్ట్రానికి కొత్త కొనుగోలుదారు కావాలి. చైనా అప్పుడప్పుడే తలుపులు తెరుస్తోంది. 1983లో అయోవాకు, చైనాలోని హెబెయి రాష్ట్రానికి మధ్య సోదర రాష్ట్రాల ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది బ్రాన్‌స్టాడ్ స్వయంగా చైనా వెళ్లొచ్చారు. 1985 వసంతంలో హెబెయి నుంచి పశువుల దాణా గురించి తెలుసుకోవడానికి ఓ చిన్న బృందం అయోవా వచ్చింది. దానికి నాయకుడు ఝెంగ్‌డింగ్ కౌంటీ పార్టీ కార్యదర్శి. వయసు 31. పేరు షీ జిన్‌పింగ్. మిసిసిపీ నది ఒడ్డున మస్కటీన్ అనే పట్టణంలో ఓ కుటుంబం తమ ఇంట్లో ఆయనకు బస ఇచ్చింది. పొలాలు, పందుల ఫారాలు చూశారు. గవర్నర్ కార్యాలయంలో బ్రాన్‌స్టాడ్ ఆ బృందాన్ని కలిశారు.

ఇది విన్నవాళ్లు 'ఎంత అదృష్టం, కాబోయే చైనా అధ్యక్షుడు పరిచయమయ్యాడు' అంటారు. నేను అలా చూడను. ఒక కౌంటీ స్థాయి అధికారి దాణా గురించి అడగడానికి వస్తే, నెత్తిన అంత సంక్షోభం పెట్టుకున్న గవర్నర్ సమయం ఇచ్చాడు. ఆ బృందంలో ఎవరు ఏమవుతారో ఎవరికీ తెలియదు. ఎగుమతి వ్యాపారంలో మా పెద్దలు కొత్తగా వచ్చిన చిన్న కొనుగోలుదారుకు కూడా కుర్చీ వేయమనేవారు. అయోవా రాజకీయాల్లో అదే అలవాటు. చిన్న రాష్ట్రం, 32 లక్షల జనాభా, ఊరూరా తిరిగి చేతులు కలపకపోతే ఓట్లు రావు. ఆ మనిషి విదేశీయులతోనూ అలాగే వ్యవహరించాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ పరిచయానికి విలువ కట్టాల్సిన అవసరం రాలేదు. జిన్‌పింగ్ ఫుజియాన్‌లో, ఝెజియాంగ్‌లో ఎదిగారు. 2012 ఫిబ్రవరిలో ఉపాధ్యక్షుడిగా, కాబోయే నాయకుడిగా అమెరికా వచ్చినప్పుడు ఆయన అయోవాకు వెళ్లాలనుకున్నారు. మస్కటీన్‌లో పాతవాళ్లతో టీ తాగారు. డి మోయిన్‌లో రాష్ట్ర శాసనసభ భవనంలో బ్రాన్‌స్టాడ్ విందు ఇచ్చారు. ఆ పర్యటన సందర్భంగానే చైనా కొనుగోలుదారులు సుమారు 430 కోట్ల డాలర్ల సోయాబీన్ కాంట్రాక్టులపై సంతకాలు చేశారు. ఆ రోజుల్లో మా ఆఫీసులో దీని గురించి చాలా చర్చ జరిగింది. ఎలాగూ కొనాల్సిన సరుకునే వేడుకగా సంతకం చేశారని కొందరన్నారు. అందులో నిజముంది. చైనాలో పందుల పెంపకం పెరిగేకొద్దీ సోయా కావాల్సిందే. కానీ అమెరికా, బ్రెజిల్ రెండూ అమ్ముతున్నప్పుడు ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలన్న దగ్గర ముఖపరిచయం పనిచేస్తుంది.

2016 ఎన్నికల్లో బ్రాన్‌స్టాడ్ ట్రంప్‌కు మద్దతిచ్చారు. ఆయన కుమారుడు అయోవాలో ట్రంప్ ప్రచారాన్ని నడిపారు. పోలింగ్‌కు రెండు రోజుల ముందు సియూ సిటీ సభలోనే ట్రంప్ చైనా వ్యవహారాలకు ఆయన పేరు ప్రస్తావించారు. డిసెంబరులో అధికారిక ప్రకటన వచ్చింది. ఆ పేరు వినగానే చైనా విదేశాంగ శాఖ ప్రతినిధి ఆయన్ని చైనా ప్రజల పాత మిత్రుడు అన్నారు. రాయబారి విషయంలో అవతలి దేశం ముందుగా రహస్యంగా సమ్మతి చెప్పాలి. ఈయన విషయంలో ఆ చిక్కే లేదు.

మీరు మొదటి ప్రశ్నలో 'ఎలా పంపగలిగింది' అన్నారు కదా, సెనేట్ దగ్గర ఏం జరుగుతుందో చూస్తే అది తేలుతుంది. 2017 మే నెలలో సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ ఆయన్ని ప్రశ్నించింది. మే 22న సభ 82–13 ఓట్లతో ఆమోదించింది. రెండు రోజుల తర్వాత ఆయన గవర్నర్ పదవికి రాజీనామా చేశారు. ఆయన స్థానంలో కిమ్ రేనాల్డ్స్ అయోవాకు తొలి మహిళా గవర్నర్ అయ్యారు. ఆమోదం ముందు, రాజీనామా తర్వాత. ఈ వరుస చాలా ముఖ్యం. 1997లో మసాచుసెట్స్ గవర్నర్ విలియం వెల్డ్‌ను క్లింటన్ మెక్సికోకు రాయబారిగా ప్రతిపాదించారు. వెల్డ్ సొంత పార్టీకే చెందిన జెస్సీ హెల్మ్స్ ఆ కమిటీకి చైర్మన్. విచారణ పెట్టనే పెట్టనని భీష్మించారు. వెల్డ్ జులైలో గవర్నర్ పదవి వదులుకుని వాషింగ్టన్‌లో పోరాడారు. సెప్టెంబరుకల్లా తప్పుకోవాల్సి వచ్చింది. అటు రాయబారి కాలేదు, ఇటు గవర్నర్ పదవీ పోయింది.

సొంత రాష్ట్రంలో చేసిన పాలన కూడా అక్కడ తూకానికొస్తుంది. అదే కాలంలో మరో ఇద్దరు గవర్నర్లను చూడండి. దక్షిణ కరోలినా నుంచి నిక్కీ హేలీ ఐక్యరాజ్యసమితికి 96–4తో వెళ్లారు. కాన్సస్ గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ మతస్వేచ్ఛ వ్యవహారాల ప్రత్యేక రాయబారి పదవికి వచ్చేసరికి ఓట్లు సమానమై, ఉపాధ్యక్షుడు ఓటేస్తే గానీ గట్టెక్కలేదు. ఇద్దరిదీ ఒకే పార్టీ, ప్రతిపాదించిన అధ్యక్షుడూ ఒకరే. బ్రౌన్‌బ్యాక్ వెంట కాన్సస్‌లోని పాత గొడవలన్నీ వాషింగ్టన్‌కు వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయం, బీజింగ్. బ్రాన్‌స్టాడ్ చేరకముందే అక్కడి అమెరికా ఎంబసీలో ఒక సంఘటన జరిగింది. రాయబారి లేని సమయంలో బాధ్యతలు చూస్తున్న సీనియర్ కెరీర్ అధికారి డేవిడ్ ర్యాంక్, పారిస్ వాతావరణ ఒప్పందం నుంచి వైదొలుగుతున్నట్లు చైనాకు తెలియజేయాల్సి వచ్చి, మనస్సాక్షి ఒప్పుకోక ఉద్యోగానికి రాజీనామా చేశారు. కెరీర్ అధికారికైనా, రాజకీయ నాయకుడికైనా రాయబార కార్యాలయంలో ఉన్న దారులు రెండే: ప్రభుత్వం చెప్పమన్నది చెప్పడం, లేదా తప్పుకోవడం. తర్వాతి మూడేళ్లూ బ్రాన్‌స్టాడ్ మొదటి దారిలో నడిచారు.

ఆయన రాక బాగానే మొదలైంది. 2003లో అమెరికాలో పిచ్చి ఆవు వ్యాధి బయటపడ్డాక చైనా ఆపేసిన గొడ్డుమాంసం దిగుమతులు 2017 జూన్‌లో మళ్లీ మొదలయ్యాయి. నెలాఖరులో వ్యవసాయ మంత్రి సానీ పెర్డ్యూతో కలిసి ఆ వేడుకలో పాల్గొన్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆ ఒప్పందం ఆయన రాకముందే కుదిరింది. అప్పుడే కాన్సర్‌తో చివరి దశలో, చైనా ప్రభుత్వ నిర్బంధంలో ఉన్న నోబెల్ శాంతి బహుమతి గ్రహీత లియూ షావ్‌బోకు దేశం బయట చికిత్స చేయించుకునే అవకాశం దొరకాలని తన తొలి మాటల్లోనే అన్నారు. చైనా వినలేదు. జులై 13న లియూ కన్నుమూశారు. పాత మిత్రుడన్న మర్యాద ఎక్కడ ఆగుతుందో మొదటి నెలలోనే కనిపించింది.

2018 జులై 6న అమెరికా 3,400 కోట్ల డాలర్ల చైనా సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. అదే రోజు చైనా బదులిచ్చింది, ఆ జాబితాలో సోయాబీన్ ఉంది. అయోవాలో సోయా విత్తేది ఏప్రిల్ చివర నుంచి మే దాకా, కోత సెప్టెంబరు–అక్టోబరు. అంటే పైరు పొలంలో ఉండగా ప్రధాన కొనుగోలుదారు వెళ్లిపోయాడు. మే నెలలో బుషెల్‌కు (అక్కడి ధాన్యం కొలత) పది డాలర్లకు పైన ఉన్న షికాగో ధర జులై మధ్యకు ఎనిమిదిన్నర దగ్గరికి జారింది. 2017లో చైనాకు సుమారు 1,220 కోట్ల డాలర్ల సోయా అమ్మిన అమెరికా, 2018లో 310 కోట్ల దగ్గర ఆగిపోయింది. బ్రెజిల్ ఆ ఖాళీని నింపేసింది. మా వైపు, భారత సోయా చెక్కకు కూడా చైనా మళ్లీ తలుపు తెరుస్తుందేమోనని చాలామంది ఆశగా చూశారు. ఆ ఏడాది అక్టోబరులో ఆవ చెక్కకు మాత్రం అనుమతి వచ్చింది.

ఈ పరిస్థితిలో బ్రాన్‌స్టాడ్‌ది అడకత్తెరలో పోకచెక్క బతుకైంది. ముప్పై ఏళ్లకు పైగా ఏ మార్కెట్‌ను తన రైతుల కోసం పెంచుకుంటూ వచ్చాడో, ఆ మార్కెట్ మీద జరుగుతున్న యుద్ధాన్ని ఆ దేశ రాజధానిలో కూర్చుని సమర్థించాలి. రైతుల నష్టానికి ట్రంప్ ప్రభుత్వం 2018లో 1,200 కోట్ల డాలర్ల దాకా, 2019లో 1,600 కోట్ల డాలర్ల సహాయం ప్రకటించింది. డబ్బు అందింది. పోయిన కొనుగోలుదారును డబ్బు తిరిగి తేలేదు. ఒకసారి బ్రెజిల్ రేవుల్లో అలవాటుపడిన చైనా మిల్లు మళ్లీ పాత దారికి పూర్తిగా రాదని మా రంగంలో ఎవరిని అడిగినా చెబుతారు.

2018 సెప్టెంబరు చివర్లో ఇంకొకటి జరిగింది. చైనా ప్రభుత్వ పత్రిక చైనా డైలీ, అయోవాలోని డి మోయిన్ రిజిస్టర్‌లో ఆదివారం నాడు నాలుగు పేజీల ప్రకటన అనుబంధం వేయించింది. వాణిజ్య యుద్ధం వల్ల అయోవా రైతుకే నష్టమన్నది దాని సారాంశం. ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో తెలిసి కొట్టారు. వారం తిరిగేలోపు అదే పత్రికలో బ్రాన్‌స్టాడ్ పేరుతో జవాబు వచ్చింది. అమెరికాలో ఉన్న పత్రికా స్వేచ్ఛను వాడుకుంటున్న చైనా, తన దేశంలో బీజింగ్ వీధి చివర పత్రికల దుకాణంలో వేరే గొంతు వినబడనివ్వదన్నది అందులో ప్రధానమైన మాట. ఆయన పదవీకాలంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే. బీజింగ్ రాయబారి తన సొంత రాష్ట్రం ఓటర్లతో బీజింగ్ నుంచి వాదిస్తున్నాడు. అయోవా వాళ్లు చదివేది ఆయన మాటనే కాబట్టి, ఆ పని విదేశాంగ మంత్రి సంతకంతో కుదరదు. రాష్ట్ర రాజకీయ నాయకుణ్ని రాయబారిగా పంపడంలో ఉన్న లాభం కూడా అదే, ప్రభుత్వం వైపు నుంచి చూస్తే.

మరి స్నేహం వల్ల ఒరిగిందేమీ లేదా? ఉంది. పేపర్లలో పెద్ద అక్షరాల్లో రాలేదంతే. ఫెంటనిల్ అనే మత్తుమందు అమెరికాలో వేలమంది ప్రాణాలు తీస్తోంది. ఆ జాతి మందులన్నిటినీ ఒకే వర్గంగా నియంత్రణ కిందికి తేవాలని అమెరికా చాలాకాలంగా చైనాను అడుగుతోంది. 2018 డిసెంబరులో బ్యూనస్ ఎయిర్స్‌లో ఇద్దరు అధ్యక్షులు దీనిపై ఒక అవగాహనకొచ్చారు, 2019 మే 1 నుంచి చైనాలో ఆ నియంత్రణ అమల్లోకొచ్చింది. ఎంబసీ ఎడతెగకుండా వెంటపడిన ఫైళ్లలో ఇదొకటి. అదే నెలలో బ్రాన్‌స్టాడ్ టిబెట్ వెళ్లగలిగారు. 2015 తర్వాత అమెరికా రాయబారి అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. 2020 జనవరి 15న మొదటి దశ వాణిజ్య ఒప్పందం కుదిరింది. రెండేళ్లలో 2017 స్థాయి కంటే అదనంగా 20,000 కోట్ల డాలర్ల సరుకులు, సేవలు కొంటామన్న చైనా, తీరా మొత్తం మాటిచ్చినదాంట్లో అరవై శాతం కూడా కొనలేదు. కానీ ఆ ఒప్పందంలో గొడ్డుమాంసం మీద ఉన్న సాంకేతిక ఆంక్షలు సడలాయి. 2022 నాటికి చైనాకు అమెరికా గొడ్డుమాంసం అమ్మకాలు ఏడాదికి 200 కోట్ల డాలర్లు దాటాయి. దాణా వ్యాపారం తెలిసినవాడిగా చెబుతున్నాను, కొనుగోలు అంకెలు గాలికి పోయినా నిబంధనల్లో వచ్చిన మార్పు నిలబడుతుంది. అలాంటి మార్పులకు వ్యవసాయం తెలిసిన రాయబారి కావాలి. ఏ వయసు పశువు, ఏ హార్మోను, ఏ పరీక్ష అన్న దగ్గర మాట్లాడగలిగేవాడు కావాలి.

2020లో అంతా వేగంగా కూలింది. కరోనా రావడంతో వూహాన్‌లోని అమెరికా కాన్సులేట్ ఖాళీ చేశారు. జులైలో హ్యూస్టన్‌లోని చైనా కాన్సులేట్‌ను అమెరికా మూయిస్తే, చెంగ్డూలోని అమెరికా కాన్సులేట్‌ను చైనా మూయించింది. సెప్టెంబరులో బ్రాన్‌స్టాడ్ రాసిన వ్యాసాన్ని చైనా కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ అచ్చువేయడానికి నిరాకరించింది. ఆయన నాలుగు పేజీల ప్రకటనను గుర్తుచేసుకున్నారో లేదో గానీ, రెండేళ్ల కింద ఆయన చేసిన ఆరోపణను ఆ పత్రికే స్వయంగా నిరూపించింది. అదే నెలలో పదవి వదులుతున్నట్లు ప్రకటించి, అక్టోబరు మొదట్లో బీజింగ్ నుంచి బయల్దేరారు. తర్వాతి రాయబారిగా మాజీ కెరీర్ అధికారి నికొలస్ బర్న్స్ 2022 మార్చిలో చేరేదాకా, అంటే దాదాపు ఏడాదిన్నర, అక్కడ అమెరికాకు పూర్తిస్థాయి రాయబారి లేరు.

స్నేహం విఫలమైందనడానికి ఇదే సాక్ష్యమని చాలామంది రాశారు. నేను ఒప్పుకోను. రెండు ప్రభుత్వాలు కావాలని దూరం జరుగుతుంటే ఏ రాయబారీ వాటిని దగ్గరికి లాగలేడు. బ్రాన్‌స్టాడ్ మీద నా ఫిర్యాదు వేరే ఉంది. సుంకాల వల్ల అయోవాకు జరుగుతున్న నష్టాన్ని ఆయన బహిరంగంగా మరింత గట్టిగా చెప్పి ఉండాల్సింది. లోపల చెప్పే ఉంటారు. కానీ 22 ఏళ్లు ఓట్లేసిన రైతులకు, ఆ మాట ఆయన నోట వినే హక్కు ఉంది.

చైనాకు వెళ్లిన గవర్నర్ ఆయనొక్కడే కాదు. 2009లో ఒబామా పంపిన జాన్ హంట్స్‌మన్ యూటా గవర్నర్. యువకుడిగా తైవాన్‌లో మతప్రచారానికి వెళ్లినప్పుడు చైనీస్ నేర్చుకున్నారు. అంతకుముందే సింగపూర్‌కు రాయబారిగా చేశారు. ఆయన తర్వాత వచ్చిన గ్యారీ లాక్ వాషింగ్టన్ రాష్ట్ర మాజీ గవర్నర్, చైనాకు అమెరికా రాయబారిగా వెళ్లినవాళ్లలో చైనా మూలాలున్న తొలి వ్యక్తి. విమానాశ్రయంలో భుజాన బ్యాగు వేసుకుని తన కాఫీ తానే కొనుక్కుంటున్న ఆయన ఫోటో చైనా అంతా తిరిగింది, మన అధికారులు ఇలా ఎందుకుండరని అక్కడి జనం అడిగారు. 2012లో అంధ న్యాయ కార్యకర్త చెన్ గ్వాంగ్‌చెంగ్ ఎంబసీలో ఆశ్రయం పొందినప్పుడు ఆ టెన్షన్ అంతా లాక్ మీదే పడింది. వీసా కోసం నెలల తరబడి ఉన్న నిరీక్షణను ఆయన హయాంలో రోజులకు దించారు. గవర్నర్‌గా లైసెన్సులు, క్యూలు, కౌంటర్లు చూసినవాడికి ఆ సమస్య వెంటనే కనబడుతుంది. వీసా క్యూను ఎవరూ చరిత్రలో రాయరు, కానీ నా లెక్కలో అది గొప్ప పని.

ఇక మీ మూడో ప్రశ్న, తిరిగి రాష్ట్ర రాజకీయాల్లోకి రావచ్చా అన్నది. చట్టం అడ్డురాదు. రాజకీయమే అడ్డొస్తుంది. నాలుగేళ్లు దూరంగా ఉంటే జిల్లాల్లో మనుషులు మారిపోతారు, కింద ఉన్నవాళ్లు పైకొస్తారు, ఎవరూ కుర్చీ ఖాళీగా ఉంచరు. హంట్స్‌మన్ బీజింగ్ నుంచి వచ్చి 2012లో అధ్యక్ష పదవికి ప్రయత్నించారు, ఒబామా దగ్గర పనిచేశాడన్నది సొంత పార్టీలో ఆయన్ని వెంటాడింది. 2017 నుంచి 2019 దాకా మాస్కోలో రాయబారిగా చేసి, 2020లో మళ్లీ యూటా గవర్నర్ పదవికి పార్టీ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) నిలబడి స్వల్ప తేడాతో ఓడిపోయారు. ఒకప్పుడు భారీ మెజారిటీతో గెలిచిన రాష్ట్రం అది. లాక్ ఎన్నికల వైపు పోలేదు, కొన్నేళ్లకు తన రాష్ట్రంలోనే ఒక కళాశాలకు తాత్కాలిక అధ్యక్షుడిగా వెళ్లారు.

బ్రాన్‌స్టాడ్ తిరిగొచ్చేటప్పటికి 73 ఏళ్లు. కిమ్ రేనాల్డ్స్ అప్పటికే సొంతంగా ఎన్నికలో గెలిచి కుదురుకున్నారు. ఆయన మళ్లీ పోటీ చేయలేదు. 2023లో డి మోయిన్‌లోని వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఫౌండేషన్‌కు అధ్యక్షుడయ్యారు. అయోవాలోనే పుట్టిన, హరిత విప్లవ పితామహుడు నార్మన్ బోర్లాగ్ స్థాపించిన బహుమతి అది, 1987లో మొట్టమొదట అందుకున్నది మన ఎం.ఎస్. స్వామినాథన్. అదే ఏడాది నవంబరులో జిన్‌పింగ్ శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చినప్పుడు జరిగిన విందుకు అయోవా నుంచి 1985 నాటి పరిచయస్తులకు ఆహ్వానం వెళ్లింది. సోయా వ్యాపారం మాత్రం ఇప్పటికీ బ్రెజిల్ వైపే మొగ్గి ఉంది.